ముదిమికి తగిన ముద్ద



పుస్తకముల ఇంటి రజతోత్సవమున తిండిని గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని ఏ గ్రామ గ్రంథాలయపు అరుగుమీద చూచినను, వార్తాపత్రికను ముందుగా చేతబట్టువారు వృద్ధులే. అందులో రాజకీయముల తరువాత వారు శ్రద్ధగా చదువునది ఆరోగ్య శీర్షిక. ఒకనాడు ఆ శీర్షికలో చోళ్ళు అమృతమని యుండును. మరునాడు కొబ్బరినీళ్ళు సంజీవని యని యుండును. మూడవనాడు పప్పు చాలినంత తినని వృద్ధునకు కండ నిలువదని యుండును. ఈ మూడును అబద్ధములు కావు. అయినను పత్రికకు చదువరి మొగము కనబడదు. చదివినవానికి మూత్రపిండములు చక్కగా పనిచేయుచున్నవో లేదో, పండ్లున్నవో లేవో, ఉదయమున ఏ బిళ్ళ మింగుచున్నాడో దానికి తెలియదు. శ్రీకాకుళము జిల్లాలో ఈ తెలియకపోవుట ప్రాణములమీదికి వచ్చు విషయము. ఈనాటి ప్రసంగమునకు కారణమదియే.

తిండివలన రోగము కలుగుట ఈ సీమకు క్రొత్త కాదు. ఇప్పటి శ్రీకాకుళ, విజయనగర జిల్లాలు చేరియున్న ఉత్తర సర్కారులు సుమారు నూరేండ్ల క్రిందట బెరిబెరికి పేరుపడిన ప్రాంతము. మరలో తెల్లగా పాలిషు పట్టిన పచ్చిబియ్యమును పలుమార్లు కడిగి, గంజి వార్చి వండుకొని, కూర నామమాత్రముగా నంజుకొను పేదవారికి కాళ్ళు తిమ్మిరెక్కి, నీరుపట్టి, గుండె బలహీనమై ప్రాణములు పోయెడివి. 1918లో కూనూరునందు రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి విచారణకై ఒక చిన్న పరిశోధనశాలను నెలకొల్పెను. ఆ తరువాత దాని అధిపతియైన ఐక్రాయిడ్ దొర ఉత్తర సర్కారుల బెరిబెరిని ప్రత్యేకముగా పరిశీలించెను. ఆ చిన్న శాలయే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. దేశమునకంతకును ఆహార ప్రమాణములు చెప్పు ఆ సంస్థకు మూలము బెరిబెరి విచారణ. ఆ బెరిబెరి ఎక్కువగా కానవచ్చిన చోటు ఈ సర్కారు తీరము. ఈ సంగతి ఈ ప్రాంతమువారిలో అనేకులకు తెలియదు.

ఆ కథలో గెలుపున్నది; ఒక చిక్కును ఉన్నది. బెరిబెరికి కారణమొక్కటే, బియ్యపు పైపొరలోని థయమిన్ అను విటమిను లోపించుట. కారణమొక్కటే గనుక మందును ఒక్కటే. దంపుడుబియ్యమో ఉప్పుడుబియ్యమో తిన్న ప్రతివానికిని మేలు కలిగెను. పసివానికొక విధముగను, బాలింతకొక విధముగను, ముదుసలికొక విధముగను చెప్పవలసిన అగత్యము లేకపోయెను. ఆహారశాస్త్రమనగా గోడకు అంటించిన పట్టిక యను భావము అట్టి విజయములవలననే జనులలో స్థిరపడినది. కాని ముదిమి బెరిబెరి వంటిది కాదు. ఏడేండ్ల పిల్లలిద్దరు ఒకరినొకరు పోలియుందురు. డెబ్బదియేండ్ల వారిద్దరు పోలియుండరు. ఒకడు ఇంకను కావడి మోయును. ఒకనికి మెట్లెక్కిన ఆయాసము. ఒకడు చెరకు నమలును. ఒకడు అరటిపండును చిదిపి మింగును. ఇరువురి వయస్సు ఒక్కటే యని ఇరువురికిని ఒకే పట్టిక నిచ్చుట, ఊరివారికందరికిని ఒకే కొలత చొక్కా కుట్టించుట వంటిది.

పూర్వపు వైద్యులకు ఈ సంగతి తెలియును. దీర్ఘకాలపు అలవాటుచేత ఒకని దేహమునకు హితమైనదానిని వారు సాత్మ్యమనిరి. నాడి చూచుటకు ముందు ఏ ఊరు, ఏ పని, ఏమి తిందువు అని అడిగెడివారు. వారు చెప్పిన కారణములన్నియు నేటి శాస్త్రమునకు నిలువవు గాని, ఆ ప్రశ్నలు మాత్రము నిలిచినవి.

ఇక వృద్ధుని దేహములో జరుగునదేమి? కండ తరుగును. అదే తిండి తిన్నను యౌవనమున నిలిచినంత కండ ముదిమిలో నిలువదు. దాహము నీటి అవసరముకన్న ఆలస్యముగా తెలియును. నాలుకకు రుచి మందగించును. కొందరికి జీర్ణాశయమున ఆమ్లము తగ్గి, తిన్నదానిలోని కొన్ని విటమినులు ఒంటబట్టవు. పెద్దవారు దేహపు బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు తినవలెనని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించినది. వృద్ధులకు అది చాలదనియు, కిలోకు 1 మొదలు 1.2 గ్రాములవరకు కావలెననియు 2013లో పలు దేశముల నిపుణులు కూడి చెప్పిరి. అనగా యాబది కిలోల వృద్ధునకు దినమునకు 50 మొదలు 60 గ్రాములు. ఈ మాట పత్రికలకెక్కినది. ఆ నిపుణులే దానితోపాటు చెప్పిన మినహాయింపు ఒకటి మాత్రము పత్రికలకు అంతగా ఎక్కలేదు. మూత్రపిండములు బాగుగా దెబ్బతిని, ఇంకను డయాలిసిస్ ప్రారంభింపని వారికి ఈ హెచ్చు ప్రమాణము వర్తింపదు. వారు తగ్గించియే తినవలెను.

వేరొక చోట ఈ మినహాయింపు ఎక్కడనో ఒకరికి సంబంధించిన చిన్నమాట. ఉద్దానమున అది వీధివీధికిని సంబంధించినది. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగానుండు ఈ సముద్రతీర భూమికి ఉద్యానమను మాటనుండియే ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. ఆ పచ్చదనము క్రింద మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా వ్యాపించియున్నది. ఇటీవలి పరిశీలనలలో అచటి పెద్దవారిలో వందకు 18 మొదలు 21 మందివరకు ఈ వ్యాధి కానవచ్చినది. వారిలో ఎక్కువమందికి మధుమేహముగాని మరి తెలిసిన కారణముగాని లేదు. భూగర్భజలమా, పురుగుమందులా, ఎండలో నీరు చాలక చేయు కాయకష్టమా, వంశగుణమా, లేక ఇవియన్నియు కలిసియా యను వివాదము తెగలేదు. శ్రీలంకలోని ఉత్తర మధ్య రాష్ట్రమున వరిరైతులును, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడారు దేశములలో చెరకు కోతగాండ్రును ఇట్టి వ్యాధికే లోనగుచున్నారు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా ఉద్దానమునకు తెచ్చు పథకము కూడ ఆనాడే ప్రారంభమైనది. ఇవి గొప్ప పనులే. అయినను ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన వృద్ధుడు మధ్యాహ్నము ఏమి తినవలెనన్నది వంటయింటి ప్రశ్న. దానికి సమాధానము కోడలో కూతురో చెప్పవలెను.

కొబ్బరితోటల నడుమ ఒక ఇంటిని ఊహించవచ్చును. ఇల్లు కల్పితము, అందలి చిక్కులు కల్పితములు కావు. ఆ ఇంట ముగ్గురు వృద్ధులు. తాతకు 68 ఏండ్లు, బరువు 50 కిలోలు. ఆయన మూత్రపిండములు పావుపాలు మాత్రమే పనిచేయుచున్నవి. డయాలిసిస్ ఇంకను మొదలుకాలేదు. మామ్మకు 65 ఏండ్లు, మధుమేహము ఇరువది యేండ్లుగా నున్నది, మూత్రపిండములకు చెఱుపు లేదు. తాతకు అప్పగారు ఒకరు. 76 ఏండ్ల వితంతువు, బరువు 38 కిలోలు, పండ్లు లేవు, రోగమును లేదు. వండునది ఒక్క కోడలు, పొయ్యి ఒక్కటే. ఉదయము చోడి అంబలి; మధ్యాహ్నము అన్నము, కందిపప్పు, తోటకూర, ఎండుచేప; ఎండవేళ పెరటిచెట్టు బొండము. లోకమంతయు మెచ్చు భోజనమే. పత్రిక చదివిన కొడుకు విశాఖపట్టణమునుండి ఫోనుచేసి పప్పు దండిగా వేయుమనియు, బొండములు తప్పక త్రాగింపుమనియు చెప్పుచున్నాడు.

ముందు తాత సంగతి. లేత కొబ్బరినీటిలో నూరు మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియము కలదు. పెద్ద బొండమొకటి త్రాగినచో ఆరేడువందల మిల్లీగ్రాములు లోపలికి పోవును. ఆరోగ్యవంతుని మూత్రపిండములు దానిని సులభముగా బయటికి పంపును. తాత మూత్రపిండములకు ఆ శక్తి లేదు. రక్తమున పొటాషియము పేరుకొన్నచో, ముందు నొప్పియో జ్వరమో సూచనగా కనబడకుండగనే గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. వాంతియైనను వేడిచేసినను బొండము త్రాగించుట ఈ తీరమున తల్లివలె నమ్మిన ఉపచారము. ఆ నమ్మకమే ఇక్కడ ప్రమాదము. తోటకూర, మునగాకు మున్నగువానిలోను పొటాషియము హెచ్చే. అయితే వానిని మానివేయనక్కర లేదు. సన్నగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి వండినచో చాలవరకు తగ్గును. కూరగాయల నీరు పారబోయరాదు, సారము పోవును అని పాఠశాలలో నేర్చిన కోడలికి ఇది తలక్రిందులుగా తోచును. అది నిజమే, మిగిలిన ఇద్దరికి నీరు పారబోయరాదు, తాతకు పారబోయవలెను. ఇంతకన్న వింత మరొకటి కలదు. నూరేండ్ల క్రిందట బెరిబెరికి హేతువని నిందకెక్కిన తెల్లని వార్చిన అన్నమే పొటాషియము, భాస్వరము తక్కువగుటచేత ఇప్పుడు తాతకు మిత్రమైనది.

పప్పు సంగతి యింకను సున్నితము. 2024లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకముల ప్రకారము ఆయనవంటివారు కిలోకు 0.8 గ్రాముల మాంసకృత్తులతో సరిపెట్టుకొనవలెను. అనగా నలుబది గ్రాములు. కొందరు వైద్యులు ఇంకను తగ్గింతురు. తగ్గించుటయనగా మానుట కాదు. పప్పు విషమను భయముతో గంజిమెతుకులతో దినములు వెళ్ళబుచ్చువానికి దేహము తన కండనే కరగించి ఇంధనముగా వాడుకొనును. ఆ కరగిన కండవలని మాలిన్యమును మరల ఆ మూత్రపిండములే మోయవలెను. అందుచేత పప్పు తగ్గినచోట అన్నము, నూనె కొంచెము పెరగవలెను. కృశించిపోవుచున్న వృద్ధునికి మాంసకృత్తులను మరీ బిగించరాదనియు ఆ మార్గదర్శకములే చెప్పుచున్నవి. ఎంత యన్నది ఆ మనిషిని చూచిన వైద్యుడే తేల్చవలెను.

ఇక కొంతకాలమునకు తాతకు డయాలిసిస్ ప్రారంభమైనదని అనుకొనవచ్చును. ఉద్దానపు ఇండ్లలో అన్నిటికన్న ఎక్కువగా పొరపాటు జరుగుటకు వీలున్న చోటు ఇదే. డయాలిసిస్ రక్తమును శుభ్రపరచుటతోపాటు కొంత మాంసకృత్తులను కూడ తీసికొనిపోవును. అందుచేత డయాలిసిస్ చేయించుకొనువారు కిలోకు 1 మొదలు 1.2 గ్రాములవరకు తినవలెను. నిన్నటివరకు పప్పు తగ్గింపుమన్న వైద్యశాస్త్రమే నేడు గ్రుడ్డు తినుమని చెప్పుచున్నది. ఈ మార్పు ఇంటికి చేరదు. పాత చీటీ గోడకట్లే యుండును. రోగి భయముతో పప్పును, చేపను, గ్రుడ్డును దూరముంచి, రోగముకన్న ముందు ఆకలిచేత చిక్కిపోవును. గ్రుడ్డులోని తెల్లసొన అట్టివారికి చవకయైన మేలి ఆహారము. భాస్వరము తక్కువ, ఒక్కొక్క గ్రుడ్డు తెల్లసొనలో మూడున్నర గ్రాముల మాంసకృత్తులు. పొటాషియము విషయమున మాత్రము కట్టడి అట్లే సాగవలెను. నీటి విషయమున కట్టడి అప్పుడే మొదలగును. మూత్రము చక్కగా వచ్చు రోజులలో ఎండలో పనిచేయు తాతను నీరు త్రాగవద్దనుట తప్పు. మూత్రము నిలిచిపోయిన తరువాత చెంబులకొలది త్రాగనిచ్చుట అంతకన్న తప్పు. మనిషి ఒక్కడే, ఒక సంవత్సరము తేడాలో అతని పట్టిక తిరగబడినది.

మామ్మ సంగతి చోళ్ళతో ముడిపడినది. చోళ్ళు ఈ జిల్లాల సొంతధాన్యము. విజయనగరపు వ్యవసాయ పరిశోధన స్థానమువారు తాము రూపొందించిన చోడి వంగడములకు చంపావతి, వేగావతి యని ఇచటి నదుల పేర్లే పెట్టుకొనిరి. నూరు గ్రాముల చోళ్ళలో 340 మొదలు 360 మిల్లీగ్రాములవరకు కాల్షియము కలదు; ధాన్యములలో దీనికి సాటి లేదు. ముదిమిలో ఎముకలకు అది కావలెను. అయినను మధుమేహమునకు చోళ్ళు మందని నమ్మి, బియ్యము మాని రెండు గిన్నెల పలుచని అంబలి త్రాగు మామ్మకు రక్తమున చక్కెర తగ్గకపోగా పెరుగవచ్చును. మెత్తగా ఉడికిన పిండి నీటివలె దిగి త్వరగా చక్కెరగా మారును. ఆ పిండినే గట్టిరొట్టెగా కాల్చి, ఉలవచారుతోనో పప్పుతోనో తిన్నచో, అదియును మితముగా తిన్నచో, వేరు ఫలితము. ఎంతయన్నది మామ్మ దేహమే చెప్పవలెను. ఇజ్రాయెలులోని వైజ్మన్ సంస్థవారు 2015లో ఎనిమిది వందలమందికి చక్కెర కొలిచి చూడగా, ఒకే రొట్టె తిన్నను ఒకరికి చక్కెర వేగముగా పెరిగినది, మరొకరికి కదలనే లేదు. బ్రిటనులో 2020లో వెలువడిన పరిశోధనలో ఒకే పోలిక కవలలకు సైతము ఫలితములు వేరైనవి. అందుచేత పక్కింటి వదినగారికి పనిచేసినది మామ్మకు పనిచేయునని నమ్మకము లేదు. భోజనమునకు ముందును, రెండు గంటల తరువాతను వ్రేలికొన నుండి చుక్క రక్తము తీసి నాలుగైదుమార్లు చూచుకొన్నచో ఆమె చోడిముద్ద కొలత తేలిపోవును. కార్తీక సోమవారమునాడు పస్తుండి, మధుమేహపు బిళ్ళను మాత్రము అలవాటుగా వేసికొను వృద్ధురాండ్రు పలువురు కలరు. ఆనాడు చక్కెర పడిపోయి కండ్లు తిరిగి పడుదురు. తుంటి విరుగుట అట్లు సంభవించును. ఉపవాసము మానుమని చెప్పుట ఎవరికిని తగదు; ఆనాటి బిళ్ళ సంగతి ముందురోజే వైద్యుని అడుగుమనవచ్చును.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. వ్యక్తికి తగిన ఆహారమను మాటను పట్టుకొని, లాలాజలమును పరీక్షించి వంశబీజముల జాతకము చెప్పి పథ్యము వ్రాసియిత్తుమని వేలకొలది రూపాయలు గుంజు వ్యాపారము పట్టణములలో బయలుదేరినది. ఐరోపాలోని ఏడు దేశములలో పదహారు వందలమందికి పైగా జనులపై జరిగిన పరిశోధన ఫలితములు 2017లో వెలువడినవి. మనిషినిబట్టి చెప్పిన సలహా అందరికిని చెప్పు సలహాకన్న మేలుచేసెను. ఆ సలహాకు వంశబీజ పరీక్షను చేర్చినందువలన మాత్రము అదనపు ప్రయోజనమేమియు కానరాలేదు. మనిషి యేమి తినుచున్నాడు, బరువెంత, రక్తములో నేమున్నది అను ప్రశ్నలే పనిచేసినవి. ఈ మూడును పల్లెలో దొరకని వస్తువులు కావు.

అప్పగారి మాట చివరకు వచ్చినది. ఇండ్లలో సైతము ఆమె మాట చివరకే వచ్చును. చిక్కినది గాని రోగమెరుగదు అని అందరును ఆమెను మెచ్చుకొందురు. ఆ ముగ్గురిలో తిండి లోపించినది ఆమెకే. అంబలిలోని చోడిపిండి యాబది గ్రాములకు మూడున్నర గ్రాములు, దినమంతటి బియ్యము నూటయాబది గ్రాములకు పండ్రెండు, పైన తేరిన పప్పుకట్టుకు రెండో మూడో. మొత్తము పదునెనిమిది గ్రాముల మాంసకృత్తులకు మించదు. ఆమెకు కావలసినది నలుబది. ఆమె పప్పు తినలేక కాదు. పప్పుబద్ద చిగుళ్ళకు గ్రుచ్చుకొనునని తేట మాత్రము పోసికొనుచున్నది. పప్పును మెత్తగా ఎనిపి, అంబలిని పాలతో కాచి, గ్రుడ్డును చిదిపి, ముల్లు తీసిన మెత్తని చేపతో నాలుగు ముద్దలు పెట్టినచో లోటు చాలవరకు తీరును. తాతకు నిషిద్ధమైన బొండము ఆమెకు హాయిగా నీయవచ్చును. తాతకు చెప్పిన చప్పిడి కూడు ఆమెకును వడ్డించుట మరొక పొరపాటు. రుచి చచ్చిన నాలుకకు చప్పిడి పెట్టినచో ఆమె తినునదియు మానును. ఆరునెలలలో, యత్నింపకయే, బరువు ఇరువదవ వంతు తగ్గినచో, అనగా 38 కిలోల మనిషి 36కు దిగినచో, అది వయోధర్మమని ఊరకుండరాదు.

ఉప్పును గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. బారువ మొదలు చింతపల్లివరకు తీరమున ఎండుచేప లేని ఇల్లు అరుదు. దానికి ఆవకాయ తోడు. దినమునకు ఐదు గ్రాముల ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది; ఒక్క ఎండుచేపల పులుసుతో అది దాటిపోవచ్చును. చైనాలో ఆరువందల పల్లెలలో సుమారు ఇరువదియొక్క వేలమందిపై జరిగిన పరిశోధనలో, సోడియము తగ్గించి పొటాషియము కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతము వందకు 14 వంతులు తగ్గెనని 2021లో తేలినది. రక్తపుపోటు గల వృద్ధులకు ఇది గొప్ప వార్త. కాని ఆ పరిశోధనలో తీవ్రమైన మూత్రపిండ వ్యాధి గలవారిని మొదటనే మినహాయించిరి. పోటుకు మంచి ఉప్పు అను పేరుతో ఆ పొట్లము ఉద్దానపు ఇంటిలో ప్రవేశించినచో మామ్మకు మేలును తాతకు అపాయమును చేయును. ఆ ఇంట ఆయనకు సాదా ఉప్పునే తగ్గించి వేయవలెను. ఎండుచేపను నీట నానబెట్టి, ఆ నీరు వంపి వండినచో కొంత మెరుగు.

మరియొక సంగతి భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలపించును. స్ప్రూ యను వ్యాధికి తన సోదరులు బలియగుట చూచిన ఆయన, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తన బృందముతో 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. కోట్లమంది గర్భిణులకు ఆ బిళ్ళ ప్రాణదాత. ఆ బిళ్ళయే ముదిమిలో ఒక మోసము చేయగలదు. బి12 విటమిను లోపించిన వృద్ధునకు అరికాళ్ళు తిమ్మిరెక్కి, నడక తూలి, రక్తము తగ్గును. అతనికి రక్తపుబిళ్ళలని ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము కొంత మెరుగై కనబడును. నరముల చెఱుపు మాత్రము లోలోపల సాగిపోవును. ఈ విటమిను శాకములలో లేదు. పాలు, గ్రుడ్లు, చేప, మాంసములలో కలదు. చేప తినువారికి సైతము జీర్ణాశయపు ఆమ్లము తగ్గుటవలనను, ఏండ్లతరబడి గ్యాసు బిళ్ళలు మింగుటవలనను, మధుమేహమునకు వాడు మెట్ఫార్మిన్ వలనను లోపింపవచ్చును. మామ్మ ఇరువది యేండ్లుగా మింగుచున్నది ఆ బిళ్ళయే యైనచో, ఆమె తిమ్మిరులు చక్కెరవలననా బి12 వలననా అని పరీక్షింపక తెలియదు.

బిళ్ళల సంగతి వచ్చినది గనుక శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారిని స్మరింపక తప్పదు. సవరల భాష నేర్చుటకై మన్యమున తిరుగుచు మలేరియా పాలై, దానికి తీసికొన్న క్వినైనువలన ఆయనకు చెవుడు వచ్చెను. జ్వరమును దించిన మందే వినికిడిని తీసికొనిపోయెను. మోకాళ్ళ నొప్పికి దుకాణమున కొనితెచ్చుకొను బిళ్ళలు ఉద్దానపు వృద్ధుల మూత్రపిండములకు చేయు కీడు ఈ కోవలోనిదే. జీవితమంతయు వ్యావహారికమునకై పోరాడిన ఆ మహనీయుని గడ్డమీద ఈ ప్రసంగము గ్రాంథికమున సాగుటను ఆయన మన్నింతురుగాక.

వీటికన్నిటికిని ఆవల, బిడ్డలు వలసపోయిన ఇండ్లు కలవు. విజయనగరపు మెట్టగ్రామములలోను, శ్రీకాకుళపు తీరమునను కొడుకులు హైదరాబాదుకో చెన్నపట్టణమునకో గల్ఫు దేశములకో పోగా, ముసలివారిరువురు మిగులుదురు. ఇరువురిలో ఒకరు పోయిన పిమ్మట పొయ్యి దినమునకు ఒక్కసారియే వెలుగును. ఉదయము వండిన అన్నమునకు రాత్రి తరవాణి పోసికొని, ఉల్లిపాయ కొరికి పడుకొందురు. తరవాణి చెడ్డది కాదు, చలువచేయును. కాని అది భోజనము కాదు. అట్టివారికి ఏ పట్టిక వ్రాసియిచ్చినను వండువారు లేరు. వీధిలో నలుగురు వృద్ధురాండ్రు వంతులవారీగా ఒక్కరింట వండుకొని కలిసి తిన్నచో అందరును ఎక్కువ తిందురు. ఎవరు తినలేకపోవుచున్నారో వెంటనే కనబడును.

ఇందులో గ్రంథాలయమునకు రెండు పనులు కలవు. ఆసుపత్రి పరీక్షల చీటీలు ఇంగ్లీషులో వచ్చును. వానిని మడిచి బియ్యపు డబ్బాలో దాచుకొను వృద్ధులకు అందు క్రియాటినిన్ ఎంత, పొటాషియము ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, కడపటిసారికి ఇప్పటికిని తేడాయేమి అని చదివి, ఒక నోటుపుస్తకమున వారి పేరుకు ఎదురుగా తెలుగులో వ్రాసియిచ్చుటకు పదవతరగతి చదివిన పడుచువాడు చాలును. వైద్యము చెప్పుట అతని పని కాదు; అంకెలు చదువుట అతని పని. ఆ పుస్తకము పట్టుకొని పోయిన వృద్ధునకు వైద్యుడు చెప్పు పథ్యము ఆ వృద్ధునిదే యగును. రెండవది, పఠనమందిర ద్వారమున ఒక తూనికయంత్రము. నెలకొకసారి, పింఛను అందుకొన్న మరునాడు, పత్రిక చదువుటకు వచ్చిన ప్రతి వృద్ధుడును దానిపై నిలిచి, బరువును తన పేరుకు ఎదురుగా వ్రాయించుకొనవలెను. అరుగెక్కలేని ఆడవారి బరువు చూచుటకు ఆ యంత్రమునే ఆదివారమునాడు వీధులవెంట త్రిప్పవచ్చును. ముందుగా ఏ రోగము లేదని అందరును మెచ్చుకొను అప్పగారి ఇంటికి.